100 గ్రాముల చేతివడుకు ఉన్నితో ఏం అల్లొచ్చు?

ఉత్తరాది కొండలకు వెళ్ళొచ్చినవాళ్ళ సామాన్లో ఒక ఉన్ని చిలప, అంటే చుట్లు చుట్లుగా చుట్టి కట్టిన ఉన్ని కట్ట, తప్పకుండా ఉంటుంది. దారి పక్కన ఒకావిడ ఉన్ని వడికే తకిలీ తిప్పుకుంటూ మంద వెనక నడుస్తుంటే చూసి ముచ్చటపడతారు, అడిగినంతా ఇచ్చి కొనేస్తారు. హైదరాబాద్ చేరాక అది బీరువా కింది అరలో కలరా ఉండల పక్కన మకాం పెడుతుంది. ఎప్పుడో ఇల్లు సర్దుతున్నప్పుడు బయటపడితే నాకు ఫోన్ వస్తుంది. మావారు మిలిటరీలో ఉండగా పిథోరాగఢ్‌లో కాపురం చేసినదాన్ని, అల్లిక అక్కడే పక్కింటి ఆమా (అక్కడ అవ్వను అలాగే అంటారు) దగ్గర నేర్చుకున్నదాన్ని. కాబట్టి మా చుట్టాల్లో ఉన్ని సంగతులన్నిటికీ నేనే దిక్కు.

మొన్న సంక్రాంతికి మా అక్క కూతురు అలాంటి చిలపే పట్టుకొచ్చింది, మునస్యారీ నుంచి. అదీ పిథోరాగఢ్ జిల్లాలోదే, పంచచూలి శిఖరాలకు ఎదురుగా ఉండే ఊరు. ఆ చుట్టుపక్కల శౌకా తెగవాళ్ళు 1962 యుద్ధం దాకా టిబెట్‌తో ఉప్పు, ఉన్ని వ్యాపారం చేసినవాళ్ళు. కనుమ దారులు మూతపడ్డాక ఆ వ్యాపారం పోయింది గానీ వడుకూ నేతా మిగిలాయి. అమ్మాయి తెచ్చింది రంగు వేయని ఉన్ని. గొర్రె ఒంటి మీది గోధుమ రంగే, అక్కడక్కడ తెల్ల పోగు. తూకం 100 గ్రాములు.

"పిన్నీ, దీంతో నాకు స్వెటర్ అవుతుందా?"

"నీ కూతురి బొమ్మకైతే అవుతుందే."

మూతి ముడుచుకుంది. కానీ లెక్క లెక్కే. ఆ మందం ఉన్నితో పెద్దవాళ్ళ స్వెటర్‌కి సుమారు 1000 మీటర్లు పడుతుంది. అమ్మాయి చేతిలో ఉన్నది అందులో ఆరో వంతు.

ఆ పిల్లకు చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. చేతివడుకు ఉన్నికి ఎక్కడ ఆపినా చెల్లే వస్తువు ఎంచుకోండి, దాన్ని వట్టి సీదా కుట్టుతోనే, అంటే నిట్‌తోనే, అల్లండి. మిల్లు ఉన్ని చాలకపోతే సికింద్రాబాద్ జనరల్ బజార్‌కి పోయి అదే నంబరు ఉండ ఇంకోటి తెచ్చుకోవచ్చు. ఇది చాలకపోతే తెచ్చుకునే చోటు లేదు. అదే మందలోంచి ఉన్ని దొరికినా, ఆ మనిషే మళ్ళీ వడికినా, పురి ఇంకోలా పడుతుంది. అందుకని ముందు నమూనా నచ్చి, తర్వాత దానికి ఉన్ని సరిపెట్టే అలవాటు ఇక్కడ పనికిరాదు. ఉన్ని ఎంతుందో, ఎలాంటిదో చూసుకుని దాన్నిబట్టి వస్తువు దగ్గరికి వెళ్ళాలి.

ముందు చిలపను చూడండి

ఉండ చుట్టేయాలని చేతులు ఆత్రపడతాయి, ఆగండి. చిలపగా ఉన్నప్పుడు తెలిసే సంగతులు ఉండ చుట్టాక తెలియవు.

ఒక కొస పట్టుకుని పురికి ఎదురుగా తిప్పండి. రెండుగా విడిపోతే రెండు పేటల ఉన్ని. విడిపోకుండా వదులై పీచుగా ఊడొస్తే ఒంటి పేట. రెండు పేటలదైతే మీకు సగం బెంగ తీరినట్టే, దేనికైనా ఓర్చుకుంటుంది. ఒంటి పేట ఉన్ని మెత్తగా, అందంగా ఉంటుంది గానీ రాపిడికి నిలవదు. పైగా ఒక వైపు సీదా, ఒక వైపు ఉల్టా (పర్ల్) వచ్చేలా అల్లితే గుడ్డ మొత్తం ఒక పక్కకు వాలిపోతుంది. చతురస్రం అల్లుతున్నామనుకుంటాం, తీరా చూస్తే గాలిపటం ఆకారం వస్తుంది. ఉతికినా, సాగదీసి ఆరబెట్టినా అది పూర్తిగా పోదు.

ఇప్పుడు చిలపను ఒక చేతికి వేలాడదీయండి. నిలువుగా, తెరుచుకుని వేలాడితే పురి సమంగా ఉన్నట్టు. దానంతటదే మెలితిరిగి తాడు కట్టేస్తే పురి ఎక్కువైనట్టు. కొత్తగా వడికిన ఉన్నిలో ఇది మామూలే. ఒక ఉతుకుతో చాలా వరకు సర్దుకుంటుంది.

తర్వాత మెడ పరీక్ష. చిలపను మెడ చుట్టూ వేసుకుని కూరలు తరుక్కోండి, పేపర్ చదువుకోండి. పావుగంట తర్వాత దాని సంగతే గుర్తు లేకపోతే మెడకు పనికొచ్చే ఉన్ని. గోక్కోవాలనిపిస్తే అది టోపీకో సంచికో. అరచేతిని నమ్మకండి, అక్కడి చర్మం మందం, అది అన్నిటినీ మెత్తనే అంటుంది. ముంజేతి లోపలి వైపు, గడ్డం కింద మాత్రం నిజం చెబుతాయి.

ఇక అసలుదా కాదా అన్న అనుమానం. పర్యాటకుల బజార్లలో యాక్రిలిక్ కలిపిన నూలును కూడా కొండ ఉన్ని అని అమ్మేస్తుంటారు. కొస నుంచి అంగుళం ముక్క తీసి, పట్టకారుతో పట్టుకుని స్టీలు ప్లేటు మీద అగ్గిపుల్ల అంటించండి. ఉన్ని అయితే వెంట్రుకలు కాలిన కంపు కొడుతుంది, మంట తీయగానే ఆరిపోతుంది, మసి వేళ్ళ మధ్య పొడైపోతుంది. యాక్రిలిక్ కరిగి, చల్లారాక గట్టి పూసలా మిగులుతుంది. యాక్రిలిక్ అని తేలితే ఏడవాల్సిన పనేం లేదు, అల్లుకోవచ్చు. కాకపోతే కింద చెప్పబోయే అతుకు దానికి పనిచేయదు.

కొలిచే ముందు తలంటు

అవును, అల్లక ముందే ఉతకాలి. చేతివడుకు ఉన్నిలో గొర్రె జిడ్డు, దుమ్ము, గడ్డి పరకలు ఉంటాయి. ఉతికాక ఉన్ని ఉబ్బుతుంది, కాస్త పొట్టిదవుతుంది. ఉతక్కుండా తీసిన కొలతలన్నీ తర్వాత తప్పుతాయి.

చిలపను నాలుగు చోట్ల పాత నూలు దారంతో వదులుగా కట్టండి. బకెట్లో గోరువెచ్చని నీళ్ళు పోసి, కుంకుడుకాయల రసం గుడ్డలో వడగట్టి కలపండి. తెల్ల ఉన్నికి మాత్రం కుంకుడు రంగు లేతగా అంటుకోవచ్చు, దానికి ఉన్ని బట్టలకు వాడే ఈజీ లాంటి ద్రవం మంచిది. బట్టల సోడా, మామూలు సబ్బు పొడి మాత్రం ఉన్నికి పడవు. చిలపను నీళ్ళ మీద పెట్టి దానంతటది మునిగేదాకా ఊరుకోండి. అరగంట నాననిచ్చి పైకి తీసి, అంతే వెచ్చగా ఉన్న మంచినీళ్ళలో రెండుసార్లు ముంచండి. పులమకూడదు, పిండకూడదు, వేడి నీళ్ళలోంచి తీసి చన్నీళ్ళలో వేయకూడదు. ఉన్ని పోగు మీద కంటికి కనిపించని పొలుసులుంటాయి. వేడి, తడి, రాపిడి మూడూ కలిస్తే అవి ఒకదాన్నొకటి పట్టుకుని మొత్తం అట్టకట్టేస్తుంది. ఆ తర్వాత ఎవరూ ఏమీ చేయలేరు.

తువ్వాలులో చుట్టి నీరు ఒత్తేసి, నీడలో హ్యాంగరుకు తగిలించండి. బరువులు కట్టి సాగదీయొద్దు. సాగిన పురి అల్లిన తర్వాత మళ్ళీ ముడుచుకుని మీ కొలత మారుస్తుంది.

పొడవు తేల్చడం తేలిక. ఆరిన చిలపను ఎవరి చేతులకైనా తగిలించి, ఒక్క చుట్టు పొడవు టేపుతో కొలవండి. తర్వాత ఒక చోట పట్టుకుని అడ్డంగా ఎన్ని పోగులున్నాయో లెక్కపెట్టండి. మా అమ్మాయి చిలప ఒక చుట్టు 140 సెంటీమీటర్లు, చుట్లు 120. అంటే 168 మీటర్లు. ఈ అంకె, తూకం, రెండూ ఒక చీటీ మీద రాసి చిలపకు కట్టేయండి. ఇక ఏ వస్తువు ఎంచుకున్నా ఈ చీటీతోనే పని.

మందానికి ఒక స్కేలు మీద ఉన్నిని పక్కపక్కన చుట్టండి, లాగకుండా, ఒకదాని మీదొకటి ఎక్కకుండా. ఒక అంగుళంలో ఎన్ని చుట్లు పట్టాయో చూడండి. 9, 10 వస్తే 5 మిల్లీమీటర్ల సూది. 12 దగ్గరగా ఉంటే 4. 16 దాటితే 3 గానీ 3.25 గానీ. చేతివడుకు ఒక చోట 8 చూపిస్తుంది, ఒక చోట 12 చూపిస్తుంది. మూడు నాలుగు చోట్ల చుట్టి నడిమి లెక్క తీసుకోండి. సందేహముంటే లావు సూది వైపే మొగ్గండి. ఉతికాక ఉబ్బే ఉన్ని కదా, దానికి కాస్త చోటివ్వాలి. బిగించి అల్లితే గుడ్డ అట్టముక్కలా తయారవుతుంది.

సూదుల నంబర్లతో ఒక తిరకాసు ఉంది. మన బజార్లో దొరికే సూదుల మీద తరచుగా పాత ఇంగ్లండు నంబరే ఉంటుంది. అందులో 8 అంటే 4 మిల్లీమీటర్లు, 6 అంటే 5 మిల్లీమీటర్లు, నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. అమెరికా లెక్క దీనికి తిరగేసి ఉంటుంది, అక్కడ 8 అంటేనే 5 మిల్లీమీటర్లు. డాలస్‌లో ఉన్న కోడలు చెప్పిన నంబరు పట్టుకుని ఇక్కడ కొంటే తేడా కొట్టేస్తుంది. నంబరు వదిలేసి మిల్లీమీటర్లలో మాట్లాడుకోవడమే మేలు.

వద్దనేవి

జడల అల్లికలు వద్దు. మెలికలు ఉన్నిని మింగేస్తాయి, పైగా లావు సన్నాల ఉన్నిలో జడ సరిగా కనిపించదు. మీరు పడ్డ కష్టమూ కనిపించదు, వడికినావిడ పనితనమూ కనిపించదు. చిల్లుల పూల అల్లిక కూడా అంతే. ఉన్ని నునుపుగా ఒకే లావులో ఉంటే చిల్లు చిల్లులా, పూవు పూవులా వస్తాయి. ఇందులో లావు పోగు వచ్చి చిల్లును పూడ్చేస్తుంది.

మేజోళ్ళు వద్దు, ముఖ్యంగా ఒంటి పేటవైతే. మడమ దగ్గర నెల తిరక్కుండా చిరుగుతాయి. పసిపిల్లలకు వద్దు. మీ మెడకు మెత్తగా ఉన్నది వాళ్ళకు మెత్తగా ఉంటుందని లేదు, వాళ్ళ బట్టలు రోజూ ఉతకాలి, దీన్ని రోజూ ఉతకలేం. మిల్లు ఉన్ని కలిపి స్వెటర్ పూర్తిచేద్దామనే ఆలోచన కూడా నాకు నచ్చదు. రెండూ ఉతుక్కి ఒక్కలా ముడుచుకోవు, అతికిన చోట ముడతలు పడతాయి.

నేనైతే ముక్కోణపు రుమాలే అల్లమంటాను

మెడకు కట్టుకునే ముక్కోణపు రుమాలు. ఒక కొస నుంచి మొదలై మెల్లగా వెడల్పవుతూ నడిమికి వచ్చి, మళ్ళీ మెల్లగా సన్నబడి రెండో కొసకు చేరుతుంది. 80 గ్రాములున్నా అవుతుంది, 130 గ్రాములున్నా అవుతుంది, పొడవులో తేడా అంతే. చివర ఉన్ని చాలదన్న భయం ఉండదు, ఇంత మిగిలిపోయిందే అన్న దిగులూ ఉండదు. హైదరాబాద్‌లో చలి ఉండేది నాలుగు వారాలే అయినా, పొద్దున్నే నడకకు వెళ్ళేవాళ్ళకూ, రైల్లో ఏసీ బోగీలో పోయేవాళ్ళకూ ఇంత చిన్న ఉన్ని గుడ్డ ఏడాది పొడుగునా పనికొస్తుంది. నిండు శాలువా ఎవరు మోస్తారు?

నేర్పినావిడ మాటే నాకూ అలవాటు, సీదా ఉల్టా అంటాను. మీరు నిట్, పర్ల్ అని నేర్చుకుని ఉంటే అలాగే అనుకోండి. ఈ రుమాలుకు ఉల్టాతో పనే లేదు. అన్ని వరసలూ సీదాయే. అప్పుడు గుడ్డకు రెండు వైపులా గట్లు గట్లుగా ఒకేలా వస్తుంది, అంచులు చుట్టుకోవు, ఒంటి పేట ఉన్ని అయినా పక్కకు వాలదు. సన్నపోగు, లావుపోగు ఆ గట్లలో కలిసిపోతాయి. చూసేవాళ్ళకు అల్లిక కన్నా ముందు ఉన్నే కనిపిస్తుంది, మనక్కావలసిందీ అదే.

4 కుట్లు ఎక్కించండి. మొదటి వరసలో చివరి రెండు కుట్లు మిగిలేదాకా సీదా. ఆ రెండిట్లో మొదటిదాంట్లో కుట్టు పెంచండి, అంటే అదే కుట్టులోకి ముందు వైపు నుంచి ఒకసారి, దించకుండానే వెనక వైపు నుంచి ఇంకోసారి అల్లి అప్పుడు దించండి. చివరి కుట్టు సీదా. తర్వాతి మూడు వరసలు ఏమీ మార్చకుండా సీదా. ఈ నాలుగు వరసలూ ఒక జట్టు. జట్టుకొక కుట్టు పెరుగుతుంది, ఎప్పుడూ ఒకే అంచున పెరుగుతుంది. ఏ అంచో మరిచిపోకుండా అక్కడొక పిన్నీసు గుచ్చి పెట్టుకోండి, టీవీ చూస్తూ అల్లేవాళ్ళకు అది తప్పనిసరి. ప్రతి వరసలోనూ మొదటి కుట్టును అల్లకుండా అవతలి సూదికి జరిపేస్తే అంచు గొలుసులా శుభ్రంగా వస్తుంది.

నమూనా ముక్క వేరే అల్లక్కర్లేదన్నది దీనిలో ఉన్న ఇంకో సుఖం. ఉన్న కాస్త ఉన్నిని పరీక్ష ముక్కకు ఎవరు ఖర్చు పెడతారు? 20 కుట్లు వచ్చేసరికి అదే పరీక్ష ముక్క. చేతిలోకి తీసుకుని వేలాడదీయండి. గుడ్డలా జారితే సరే. బిర్రుగా నిలబడితే విప్పేసి అర మిల్లీమీటరు లావు సూదితో మళ్ళీ ఎక్కించండి, పోయేదేం లేదు. మా అమ్మాయి 5తో మొదలుపెట్టి అందులోనే ఉండిపోయింది. 10 సెంటీమీటర్లకు 16 కుట్లు, 32 వరసలు వచ్చాయి.

ఎక్కడ మలుపు తిప్పాలన్నది తూకం చెబుతుంది. వంటింటి కాటా చాలు. మొదలుపెట్టే ముందు ఉండ తూకం రాసుకోండి. సగానికి దగ్గరపడుతున్నప్పుడు ప్రతి జట్టు చివరా తూచండి. 100 గ్రాముల ఉండ 52కు రాగానే పెంచడం ఆపేయాలి. సరిగ్గా 50 దాకా ఆగితే చివర్లో గుండె దడ. ఇక్కడి నుంచి జట్టులో మొదటి వరసలో చివరి మూడు కుట్లు మిగిలేదాకా సీదా, తర్వాతి రెండు కుట్లు కలిపి ఒకటిగా అల్లి, చివరిది సీదా. మిగతా మూడు వరసలూ మామూలే. ఎక్కేటప్పుడు ఎంత ఉన్ని తాగిందో దిగేటప్పుడూ అంతే తాగుతుంది. 4 కుట్లు మిగిలాక వదులుగా మూసేయండి.

కాటా లేనివాళ్ళు చిలపను చుట్లు లెక్కబెట్టి రెండు సమానమైన ఉండలు చేసుకోండి, 120 చుట్లకు అరవై అరవై. మొదటి ఉండ ఎక్కడానికి, రెండోది దిగడానికి. మొదటి ఉండ పూర్తిగా అయ్యేదాకా ఆగకుండా, ఒక జట్టుకు సరిపడా మిగలగానే మలుపు తిప్పండి. ఒక వరసకు ఎంత కావాలంటే గుడ్డ వెడల్పుకు మూడున్నర రెట్లని నా లెక్క. నాలుగు రెట్లుంటే నిశ్చింత.

168 మీటర్లకు రుమాలు పొడవు 100 సెంటీమీటర్ల దాకా, నడుమ వెడల్పు 27 దాకా వచ్చింది. ఉతికి, తడిగా ఉండగానే దుప్పటి పరిచిన మంచం మీద చేత్తో సాగదీసి ఆరబెట్టాక ఇంకాస్త పెరిగింది. మెడకు ఒక చుట్టు తిప్పి ముందు ముడి వేసుకోవడానికి సరిపోయింది.

తెగిన చోట

చేతివడుకులో అక్కడక్కడ పురి చాలక పోగు నీరసంగా ఉంటుంది, లాగితే విడిపోతుంది. అలాంటి చోటు కనిపిస్తే అల్లేసి ముందుకు పోవద్దు. అక్కడే తెంపేసి అతకండి. ముడి మాత్రం వేయకండి, ముడి మెడకు గుచ్చుకుంటుంది, ఎప్పటికో అప్పటికి బయటికీ వస్తుంది.

అతికే పద్ధతి ఇది. రెండు కొసల్నీ నాలుగు వేళ్ళ పొడవున పురి విప్పి పీచు చేయండి. రెండు పేటల ఉన్నయితే ఒక్కో కొసలో ఒక్కో పేటను సగానికి తుంచేయండి, లేకపోతే అతుకు లావవుతుంది. రెండు పీచుల్నీ ఎదురెదురుగా ఒకదాని మీదొకటి అరచేతిలో పరచండి. కాసిన్ని నీళ్ళు చిలకరించండి. ఆమా అయితే తుపుక్కున ఉమ్మేసేది, మీ ఇష్టం. రెండు అరచేతుల మధ్య పెట్టి గట్టిగా, వేగంగా రుద్దండి. మొదట చల్లగా, జారుతూ ఉంటుంది. కాసేపటికి అరచేతులు వేడెక్కుతాయి, పీచు ఒక్కసారిగా పట్టు చిక్కినట్టు గుండ్రంగా దొర్లడం మొదలవుతుంది. తీసి మెల్లగా లాగి చూడండి. అతుకు ఎక్కడుందో మీకే దొరకదు. ఉతికేటప్పుడు భయపెట్టిన ఆ పొలుసులే ఇక్కడ పని చేస్తున్నాయి.

అల్లుతున్నప్పుడు గడ్డి పరకలు, ముళ్ళ ముక్కలు వస్తూనే ఉంటాయి. వచ్చినప్పుడల్లా గోటితో తీసేయండి. తర్వాత తీద్దాంలే అనుకుంటే కుట్టులో బిగుసుకుపోతాయి.

మీ దగ్గర రెండు చిలపలుంటే రంగులో కొంచెమైనా తేడా ఉంటుంది, పగటి వెలుతురులో తలుపు దగ్గర నిలబడి చూడండి. ఒకటి అయ్యాక ఇంకోటి మొదలుపెడితే సగంలో గీత గీసినట్టు కనిపిస్తుంది. రెండిటినీ కలిపి నడిపించండి, రెండు వరసలు ఒక ఉండతో, రెండు వరసలు ఇంకో ఉండతో. దారాన్ని తెంపక్కర్లేదు, అంచు వెంట పైకి తెచ్చుకుంటే చాలు.

మెడకు గుచ్చే ఉన్నయితే

టోపీ. దానికీ సీదా కుట్టే. గుండ్రంగా అల్లడం రాకపోయినా ఫర్వాలేదు, పక్కవాటుగా ఒక పట్టీ అల్లి చుట్టేయడమే. పైన చెప్పిన మందానికి 38 కుట్లు ఎక్కిస్తే 24 సెంటీమీటర్లు, అది టోపీ ఎత్తు. తల చుట్టుకొలతకు నాలుగైదు సెంటీమీటర్లు తక్కువ వచ్చేదాకా సీదాగా అల్లుకుంటూ పోండి. 54 సెంటీమీటర్ల తలకు 50 సెంటీమీటర్లు, అంటే 160 వరసలు. మూసేసి, రెండు కొసలూ కలిపి కుట్టేసి, ఒక అంచు చుట్టూ దారం గుచ్చి సంచి మూతిలా లాగి ముడేయండి. ఈ అల్లిక వరసలు ఒకదాని మీదొకటి పేరుకుంటూ పోయే దిక్కున బాగా సాగుతుంది, అందుకే పక్కవాటుగా అల్లితే తలకు చక్కగా పట్టుకుంటుంది. 85 గ్రాములు సరిపోతాయి. నుదుటి మీద గరగరలాడితే లోపల అంగుళం వెడల్పు మెత్తటి పాత నూలు గుడ్డ పట్టీ వేసి కుట్టుకోండి. కొండల్లో ఆ పని చేయగా చూశాను.

50 గ్రాములే ఉంటే మణికట్టు తొడుగులు. రెండు చిన్న పట్టీలు, బొటనవేలికి చోటు వదిలి కుట్టేయడం. చెప్పడానికి అంతకన్నా ఏం లేదు.

మన దక్కని గొర్రె ఉన్నితో అల్లొచ్చా అని కూడా అడుగుతుంటారు. తెలంగాణలో కురుమలు గొంగళ్ళకు వాడే నల్ల ఉన్ని, అదీ చేత్తో వడికినదే. నెల్లూరు గొర్రెకు ఉన్ని ఉండదు, వట్టి వెంట్రుకే. కాబట్టి మన ఇంటి ఉన్ని అంటే ఈ దక్కనిదే. అల్లొచ్చు, కానీ మెడకూ తలకూ వద్దు. అది ముతక ఉన్ని, గొంగడి కప్పుకున్నవాళ్ళకు ఆ గరుకు తెలిసే ఉంటుంది. మగ్గం కోసం తయారుచేసిన పడుగు దొరికితే దానికి చింతగింజల గంజి పట్టించి ఉంటారు, బిర్రుగా ఉంటుంది. నానబెట్టి గంజి వదలగొట్టాకే సూది పట్టండి. దీనికి నేను చెప్పేది ఆసనం. 6 మిల్లీమీటర్ల సూదితో సీదా కుట్టులో రెండడుగుల చదరం, ఉన్ని చాలకపోతే చిన్న చిన్న చదరాలు చేసి కలిపి కుట్టుకోవచ్చు. పీట మీద వేసుకున్నా, పూజ దగ్గర వేసుకున్నా ఏళ్ళ తరబడి నిలుస్తుంది. ఆ నలుపు ఏ రంగు డబ్బాలోనూ రాదు.

దాచడం గురించి రెండు మాటలు. ఉన్నిని తినే పురుగుకు చెమటా మురికీ అంటిన ఉన్నంటే మహా ప్రీతి. చలి పోయాక ఉతక్కుండా బీరువాలో పెట్టొద్దు. కుంకుడు రసంలో ఉతికి, పూర్తిగా ఆరనిచ్చి, పాత నూలు దిండు గలీబులో పెట్టి కట్టండి. ప్లాస్టిక్ సంచిలో వానాకాలం చెమ్మ పడుతుంది. కలరా ఉండలు వేస్తే ఉన్నికి తగలకుండా గుడ్డలో కట్టి వేయండి. వానలు తగ్గాక ఒకసారి తీసి దులిపి, గాలి తగలనిచ్చి మళ్ళీ మడతపెట్టండి.

చివర మిగిలిన రెండు మూడు గ్రాముల ఉన్నిని పారేయకండి. అట్టముక్కకు చుట్టి, ఆ కొలతల చీటీ దానికే గుచ్చి, రుమాలుతో పాటే గలీబులో వేసేయండి. ఉతికిన ప్రతిసారీ దాన్నీ కలిపి ఉతకండి. అప్పుడు ఎప్పుడైనా కుట్టు తెగితే, బాగుచేయడానికి తీసిన పోగు రంగు వేరుగా కనిపించదు.